తారుమారైన వరస

...తప్పుకి కూడా దస్తూరీ ఉంటుంది కాబోలు. ఒప్పులన్నీ ఒకేలా ఉంటాయి. లెక్క సరిగ్గా చేసిన పిల్లల పుస్తకాలన్నీ ఒకచోట కుప్పపోస్తే ఏది ఎవరిదో చెప్పలేం. తప్పు చేసినవాడి పుస్తకం మాత్రం అట్ట మీద పేరు చూడకుండానే తెలిసిపోతుంది. మనిషి తన తెలివితేటల వెనక దాక్కోగలడు, తన పొరపాటు వెనక దాక్కోలేడు. అది తలుపు వేసుకోవడం మరిచిపోయిన గదిలాంటిది. లోపలున్నవాడు ఎలా ఉన్నాడో అలాగే కనిపించిపోతాడు. మరి ఒకే పొరపాటు ఇద్దరి దగ్గర కనిపిస్తే? గది ఒకటే, తలుపులు రెండు. ఎవరు ఎవరింట్లోకి వచ్చినట్టు?

“కాఫీ చల్లారిపోతోంది బాబూ.”

తల తిప్పాను. చనిపోయినవాడి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఆవిడ ఈ గదిలోకి పూర్తిగా రాలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

“థాంక్స్ మేడమ్.”

“మేడమ్ ఏంటయ్యా, నేనేమన్నా ఆఫీసరునా? టైలరు షాపులో కాజాలు కుట్టుకునేదాన్ని. అక్కా అను. ఆ పిలుపు విని చాలా రోజులైంది.”

తలూపి ఊరుకున్నాను. కేసులో ఉన్నవాళ్ళతో వరస కలపడం నాకు అలవాటు లేదు. కేసులో లేనివాళ్ళతోనూ లేదు. దారిన పోయేవాళ్ళని పిన్నీ, బాబాయ్ అని అలవోకగా పిలిచేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం, కొంచెం భయం కూడా. ఆ ఒక్క మాటతో అవతలి మనిషి బరువు మన మీదకి వచ్చేస్తుంది. తర్వాత ఆ మనిషిని అనుమానించడం కష్టం. నా వృత్తిలో అందరినీ అనుమానించాలి, నన్ను పిలిపించిన మనిషితో సహా.

నేను కూర్చున్నది ఆవిడ తమ్ముడి కుర్చీలో. మూడో అంతస్తు, ఒకటే గది. శబ్దం పీల్చుకోవడానికి గోడల నిండా బూడిదరంగు స్పాంజి పలకలు. ఎదురుగా బల్ల, దాని మీద కంప్యూటర్. నా కుడిపక్క, వచ్చినవాళ్ళ కోసం ఇంకో కుర్చీ. ఎడమపక్క, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, గోడకి గ్యాస్ హీటర్. దాని రేకు గొట్టం గోడలోంచి వెనక నడవాలోకి పోతుంది. వీధివైపు ఒక కిటికీ, రెక్కల చుట్టూ స్పాంజి కుక్కి, టేపు అతికించి ఉంది. ఈ గదిలో మాట్లాడితే మన గొంతు మనకే చిన్నదిగా వినిపిస్తుంది. గోడలు మన మాటల్ని వినకుండానే మింగేస్తున్నట్టుంటుంది.

ఇక్కడే, ఈ బల్ల మీద తల వాల్చి, హీటర్ నుంచి వెనక్కి తన్నిన విషవాయువుతో అతను చనిపోయాడు. పోలీసులు ప్రమాదమన్నారు. కంపెనీ మనుషులు మాత్రం, తప్పు బయటపడిందని తనే ఆ పని చేసుకున్నాడేమో పాపం, అని మెల్లగా నాలుగుచోట్ల అన్నారు. మెల్లగా అన్న మాటే ఎక్కువ దూరం పోతుంది.

కంపెనీ గొడవ ఇదీ. సినిమాలు చూసుకోవడానికి, పాటలు వినడానికి ‘పిచ్చుక’ అనే ప్లేయర్ ఉంది. దాన్ని ఎవరూ అమ్మరు. కొందరు ఎక్కడెక్కడో కూర్చుని ఊరికే రాస్తారు, లోపల రాసిందంతా అందరికీ కనిపించేట్టు పెడతారు, కావలసినవాళ్ళు ఊరికే తీసుకుంటారు. అందులో శబ్దం సంగతంతా ఇతనిది. సినిమాలో మన వెనక తలుపు చప్పుడైతే, చెవుల్లో ఉన్నవి రెండే ఇయర్‌ఫోన్లయినా, ఆ చప్పుడు వెనకనుంచి వచ్చినట్టే అనిపించాలి. దానికి ఇతను ఒక పద్ధతి కనిపెట్టి, అంకెల పట్టికగా రాశాడు. ఆ పద్ధతి మాది, పేటెంట్ మాకుంది, మా కాగితం చూసే అతను రాశాడు అని ఒక పెద్ద కంపెనీ నోటీసు పంపింది. రుజువు కూడా చూపించింది. కంపెనీ పేటెంట్ కాగితంలోని పట్టికలో వెనక శబ్దాల వరసలో ఒక తప్పుంది. ఎడమ, కుడి తారుమారయ్యాయి. పిచ్చుకలోనూ అదే వరసలో అదే తారుమారు. మాలో ఎవరో అది బయటికి చేరవేశారు, తప్పుతో సహా ఎత్తిరాశాడు, ఇంకేం కావాలి, అన్నారు. కంపెనీ దరఖాస్తు పెట్టింది ఫిబ్రవరిలో. పిచ్చుకలో ఇతని పని బయటికొచ్చింది అదే ఏడాది జూన్‌లో.

ఇవాళ నాలుగింటికి పిచ్చుక తరఫున రాజీ కాగితం మీద సంతకం పడుతుంది. అందులో ఒక వాక్యం ఉంది. ‘మృతుడు కంపెనీ పత్రాల నుంచి నకలు చేసినట్టు అంగీకరిస్తున్నాము.’ నన్ను పిలిపించినప్పుడు అక్క అడిగింది ఒకటే. వాడెలాగూ రాడు, ఆ వాక్యం రాకుండా చెయ్యి, అని.

గడియారం రెండున్నర దాటింది. బయట వాన పడుతూనే ఉంది. ఫోన్ తీసి, ఆ సంతకం పెట్టబోయే మనిషికి చేశాను. ఒకప్పుడు లెక్కలు చెప్పేవాడట, పిచ్చుక వాళ్ళందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు.

“పెట్టక ఏం చెయ్యమంటారండీ?” నేను అడక్కముందే అన్నాడాయన. “కాపీరైట్ ఒక్కటే అయితే కొట్లాడేవాళ్ళం. అది రాసిన తీరు మీద హక్కు. చూసి రాయలేదని తేలితే వదిలేస్తారు. పేటెంటు అలా కాదు, అది పద్ధతి మీదే హక్కు. నా బుర్రలోంచే వచ్చిందని ఎంత మొత్తుకున్నా, ముందు దాఖలు చేసినవాడిదే. సంతకం పెడితే మిగతా పిల్లల్ని వదిలేస్తామన్నారు. వాళ్ళకి సంసారాలున్నాయి.”

“పోయినవాడికి సంసారం లేదు కాబట్టి పేరు అక్కర్లేదు.”

“మీరు బాగా మాట్లాడతారు,” అన్నాడు. “నాకు వారం నుంచి అన్నం సయించడం లేదు. అది కూడా రాసుకోండి.”

“ఆ తారుమారు ఇన్నేళ్ళలో మీరెవరూ పట్టుకోలేదా?”

“వినబడకేమండీ? ఓ సినిమాలో వెనక ఎడమవైపు కుక్క మొరగాలి, కుడివైపు మొరిగింది. ఇయర్‌ఫోన్లు అటుదిటు పెట్టుకున్నానేమో అనుకుని మార్చి పెట్టుకున్నాను. ఇప్పుడడిగితే మా ఆవిడా అదే చేశానంటోంది. ఊళ్ళో సగంమంది అదే చేసుంటారు. ఎవడికి వాడు తప్పు తనదే అనుకున్నాడు. అందుకే అది బతికిపోయింది.”

“అతని పక్కన కూర్చుని ఎప్పుడైనా పనిచేశారా?”

“ఎప్పుడో ఒకసారి వెళ్ళేవాణ్ణి. ఆ కుడివైపు కుర్చీలోనే కూర్చోవాలి. ఓసారి హీటర్ వెచ్చదనానికని ఎడమవైపు జరిగితే ఊరుకోలేదు. సెంటిమెంటులెమ్మనుకున్నాను. శబ్దంతో పనిచేసేవాళ్ళకి ఏవో పట్టింపులుంటాయి కదా. ఎందుకలా అడిగారు?”

“తెలీదు,” అన్నాను. నిజంగానే తెలీదు. కానీ లోపల ఎక్కడో, చీకట్లో ఎవరో బల్ల జరిపినట్టయింది.

ఫోన్ పెట్టేసి లేచాను. వెనక నడవాలోకి వెళ్ళి గొట్టం మూతి చూశాను. లోపలంతా మసి. మూతి దగ్గర మాత్రం ఆ మసి చుట్టూతా రాసుకుపోయి, రేకు మెరుస్తోంది. అంచున నలుసుల్లాంటివి అంటుకుని ఉన్నాయి. వేలితో తీసి నలిపాను. స్పాంజి. బూడిదరంగు.

గదిలోకొచ్చి గోడలు తడుముకుంటూ తిరిగాను. కుడివైపు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే అందే చోట, ఒక పలక మూల గుప్పెడంత లేదు. కత్తితో కోసింది కాదు, మాట్లాడుతూ మాట్లాడుతూ చేత్తో పీకింది. అంటే ఆ సాయంత్రం ఇక్కడ ఒకడు కూర్చున్నాడు. కూర్చుని విన్నాడు. వింటూ, చేతులు ఊరుకోక స్పాంజి పీకాడు. పీకడం మొదలుపెట్టినప్పుడు ఎందుకు పీకుతున్నాడో వాడికి తెలిసి ఉండకపోవచ్చు. చాలా హత్యలు అలాగే మొదలవుతాయి, చేతులకి ముందు తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు గొట్టంలో కుక్కి వెళ్ళాడు. మర్నాడు పొద్దున తీసేశాడు.

మర్నాడు పొద్దున ఈ తలుపు దగ్గరికి ముందుగా వచ్చింది కంపెనీ పెట్టుకున్న డిటెక్టివ్. రాజీ మాటలకని తొమ్మిదింటికి వచ్చానని, తలుపు కొట్టినా పలకలేదని, పోలీసులని పిలిచింది తనేనని వాంగ్మూలం ఇచ్చాడు. అంతకుముందు ఈ మనిషిని చూడనైనా లేదన్నాడు. అతను నాకు తెలుసు. ఒకప్పుడు నాకు పని నేర్పినవాడు. మాలో అందరూ అతన్ని దూది అంటారు. అంత మెత్తగా మాట్లాడతాడు. గాయం మీద పెట్టినట్టే ఉంటుంది, రక్తం పీల్చుకుంటుంది.

అనుమానం ఉంది. అనుమానానికి అడ్డం వచ్చే విషయం కూడా ఉంది.

“ఒక్కసారి నడవాలోకి వెళ్ళి, ఆ గొట్టం మూతిలో చెయ్యి పెట్టి బట్టతో గట్టిగా తోమండి,” అన్నాను అక్కతో.

ఆవిడ ఎందుకని అడగలేదు. కొంగు చేతికి చుట్టుకుని వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చున్నాను. మరుక్షణం నా ఎడమ చెవి పక్కనే రేకు కీచుమంది. పళ్ళు జివ్వుమన్నాయి. శబ్దం చొరబడని ఈ గదిలో ఆ గొట్టం ఒక్కటే బయటి చప్పుడు తెచ్చేది, తెచ్చిందంటే చెవిలోనే పోస్తుంది.

ఆవిడ మసి చేతులతో తిరిగొచ్చింది.

“ఇది వినబడితే నిద్రపోయేవాడైనా లేస్తాడు,” అన్నాను. “మీ తమ్ముడు మెలకువగానే ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు. ఎవరో గొట్టంలో స్పాంజి కుక్కుతుంటే, జానెడు దూరంలో, వినబడలేదంటే నేను నమ్మలేను. నేనే నమ్మకపోతే పోలీసులు నమ్మరు.”

ఆవిడ మసి అంటిన వేళ్ళని ఒక్కొక్కటే కొంగుతో తుడుచుకుంది. తుడవడం అయిపోయాక మళ్ళీ మొదటి వేలితో మొదలుపెట్టింది.

“మేడమ్.”

“వాడికి వినబడదు బాబూ.”

“ఏం?”

“ఆ చెవి వినబడదు. ఎడమది. ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి, జ్వరం తగ్గింది, చెవి పోయింది. అమ్మానాన్నలకి కూడా చెప్పనివ్వలేదు, నా చేత ఒట్టేయించుకున్నాడు. బడిలో చెవిటోడంటారని. తర్వాత ఈ పనిలో పడ్డాక మరీను. ‘ఒంటిచెవివాడు సౌండు రాస్తున్నాడంటే నవ్విపోతారక్కా’ అనేవాడు. నాతో రోడ్డు మీద నడిచినా నన్ను కుడిపక్కకి లాగేవాడు. చూసినవాళ్ళు, అక్కంటే ఎంత ప్రేమో, బండ్లు తగలకుండా చూసుకుంటున్నాడు అనేవాళ్ళు.” పెదవుల చివర నవ్వు లాంటిదొకటి వచ్చి పోయింది. “ప్రేమా ఉండేదిలే.”

నేను జేబులోంచి పోలీసులు తీసిన ఫోటో తీశాను. వారం రోజులుగా ఇది నన్ను తింటోంది. బల్ల మీద తల. కుడి చెవిలో ఇయర్‌ఫోన్, దాని మీద ఎడమ అని గుర్తు. రెండో కొస కుడి కుర్చీ చేతి మీద వేలాడుతోంది. కంగారులో తప్పు కొస పెట్టుకున్నాడనుకున్నాను.

“సరిచూసుకోవడం ఎలా చేసేవాడు?” అని అడిగాను. “ఎడమవైపు శబ్దం ఎడమనే వస్తోందో లేదో?”

“ఒకటి తీసి ఒకటి పెట్టుకునేవాడు. రెండూ ఈ కుడి చెవిలోనే. మార్చి మార్చి. నేను అన్నం పెట్టి పిలిస్తే, ఉండక్కా ఇది ఎడమో కుడో మర్చిపోతాను అనేవాడు.”

మర్చిపోయాడు. ఒకసారి మర్చిపోయాడు. ఏ సాయంత్రమో అక్క అన్నానికి పిలిచింది, తిరిగొచ్చి తప్పు కొస తీశాడు, ఒక వరస తారుమారైంది. రెండు చెవులున్నవాడైతే మర్నాడే పట్టుకునేవాడు, కుక్క అటు మొరగాల్సింది ఇటు మొరిగిందేమిటని. ఇతనికి అన్ని కుక్కలూ కుడివైపే మొరుగుతాయి. ఆ తప్పు ఇతనికి మాత్రమే వీలైన తప్పు. ఇతని శరీరం చేసిన సంతకం అది. మరి అది కంపెనీ కాగితంలోకి నాలుగు నెలల ముందే ఎలా వెళ్ళింది?

“ఆ ఏడాది ఫిబ్రవరికి ముందు ఇది ఎవరికైనా వినిపించాడా?”

“ఆ కంపెనీకే. జనవరిలో. ఉద్యోగం ఇస్తారేమోనని మెషీన్ మోసుకెళ్ళాడు. చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. మెషీను కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరే ఉంచుకుని, తర్వాత పిలిచి అక్కర్లేదని తిరిగిచ్చేశారు. నేను ఏడ్చాను గానీ వాడు ఏడవలేదు. ‘అయితే అందరికీ ఊరికే ఇచ్చేస్తాను’ అన్నాడు. ఇప్పుడు వాళ్ళు, అసలు మా గడపే తొక్కలేదంటున్నారంటగా.”

“ఆఖరిసారి మాట్లాడినప్పుడు?”

“ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. ‘ఇన్నాళ్ళకి ఒకాయన వింటానన్నాడక్కా, వస్తున్నాడు, అంతా చెప్పేస్తాను’ అన్నాడు. అంతా అంటే చెవి సంగతి కూడానేమో. నాకప్పుడు తట్టలేదు.”

గది ఇంకా చిన్నదైపోయినట్టనిపించింది. తను దొంగ కాదని నిరూపించుకోవడానికి అతని దగ్గరున్నది ఆ చెవి ఒక్కటే. జీవితమంతా దాచిన దాన్ని, వింటానన్నవాడి ముందు పెట్టాడు. ఒక కొస తన కుడి చెవిలో, రెండో కొస వాడి చెవిలో. ఇదిగో చూడండి, నాకు ఇటువైపు ఏమీ వినబడదు, అన్నాడు. విన్నవాడు నిజంగానే విన్నాడు. ఇటువైపు ఏమీ వినబడదు. ఆ ఒక్క మాటలో వాడికి కావలసినదంతా ఉంది.

“వాడు దొంగ కాదని చెప్పాలంటే, వాడు చెప్పొద్దన్నది చెప్పాలి. అంతేనా?” అంది అక్క.

“అంతే.”

“ఇంకో దారి లేదా?”

“లేదు. చెప్పగలిగేది కూడా మీరొక్కరే.”

చాలాసేపు కిటికీ వంక చూసింది. “ఆ కిటికీ ఒక్కందుకే తెరిచేవాడు. నేనొచ్చి వెళ్ళేటప్పుడు గొడుగో గిన్నో మర్చిపోయానంటే, టేపు పీకి, బయటికి వంగి, అక్కా అని కేకేసేవాడు. ఒక్కటే కేక. మలుపు దాకా వెళ్ళినదాన్ని ఆగిపోయేదాన్ని.” కొంగు దోపుకుంది. “నాలుగింటికి మాస్టారి ఎదుట నేనే చెబుతాను. నువ్వు చెప్పకు. వాడి మాట దాటితే నా నోటితోనే దాటాలి.”

మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

ముందు మెషీన్ జప్తు చెయ్యడానికి కోర్టు మనిషి వచ్చాడు, లక్క, సీలు పట్టుకుని. వెనకే దూది. తడిసిన గొడుగుని గుమ్మం బయట జాగ్రత్తగా గోడకానించి, అక్కకి చేతులు జోడించాడు. ఆవిడ ముఖం తిప్పుకుని, “వాడి మెషీను మోసుకుపోతుంటే చూడలేను, కింద ఉంటాను,” అని నాతో చెప్పి దిగిపోయింది.

“ఏమోయ్,” అన్నాడు దూది, “ఇంకా ఇందులోనే ఉన్నావా? ఈపాటికి ఏ లైబ్రరీలోనో చేరి ఉంటావనుకున్నాను.”

“మీరు నేర్పిన పనే కదా సార్. వదల్లేకపోతున్నాను.”

“నేను నేర్పింది బతకడానికి. నువ్వు ఆలోచించడానికి వాడుతున్నావు. అందుకే అలా చిక్కిపోయావు.”

కోర్టు మనిషి తీగలు ఊడబీకుతున్నాడు. ఇయర్‌ఫోన్లని కూడా ఒక సంచిలో వేశాడు. నేను అడ్డుకోలేదు.

“పిచ్చుకని పట్టుకెళ్ళి పంజరంలో పెట్టి ఏం లాభం సార్? ఊరంతా పిచ్చుకలే.”

“ఊరంతా ఉన్నాయి గనకే ఊరికే వదల్లేం. మావాళ్ళు కష్టపడి కనిపెట్టింది.”

“ఎంతమంది కష్టపడ్డారు?”

“కాగితం మీద ముగ్గురు ఇంజనీర్ల పేర్లున్నాయి. చదవలేదా?”

“చదివాను.” కోర్టు మనిషి మెషీన్ ఎత్తుకుని బయటికెళ్ళేదాకా ఆగాను. మెట్ల మీద అతని ఆయాసం వినబడకుండా పోయింది. “ముగ్గురికీ కలిపి ఆరు చెవులు. ఆరింట్లో ఒక్కటైనా ఆ పట్టికని విని ఉంటే తారుమారు తెలిసిపోయేది. మీ కంపెనీ అమ్మే ప్లేయర్ నిన్న కొని విన్నాను. అందులో ఆ వరస సరిగ్గానే ఉంది. అంటే తర్వాతెప్పుడో విన్నారు, దిద్దుకున్నారు. కాగితం మాత్రం వినకుండానే దాఖలు చేశారు. తను కన్న బిడ్డ ఏడుపు వినకుండా ఎవరూ పేరు పెట్టరు.”

“పొరపాట్లు అందరూ చేస్తారోయ్. మీవాడు చెయ్యలేదా?”

“చేశాడు. కానీ వాళ్ళు ఆ పొరపాటుని వినగానే వదిలించుకున్నారు. ఇతను ఏళ్ళ తరబడి దానితో కాపురం చేశాడు. దానికో కారణం ఉండాలి.”

దూది కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు. అలవాటైన కుర్చీలో కూర్చున్నట్టు, చూడకుండా. నవ్వాడు. ఎదుటివాడి మీద జాలిపడుతున్నప్పుడు నవ్వే నవ్వు, నాకు బాగా తెలుసు.

“ఏం కారణం? జడ్జిగారి ముందు నిలబడి, అయ్యా, వాడికి ఎడమ చెవి లేదు కాబట్టి తప్పు వాడిదేనని మొరపెట్టుకుంటావా? ఆ చెవి లేదనడానికి రుజువేది? మనిషే లేడు.”

నేను చెవి మాట ఎత్తలేదు. ఆరు చెవులన్నాను, కంపెనీ వాళ్ళవి. ఇతని చెవి గురించి, అందులోనూ ఎడమ చెవి గురించి, నా నోటినుంచి ఒక్క అక్షరం రాలేదు. మాస్టారికే తెలీదు. తల్లిదండ్రులకే తెలీదు.

నా ముఖంలో ఏమీ కనబడకుండా చూసుకోవడానికి ప్రయత్నించాను. కానీ నాకు ముఖం దాచుకోవడం నేర్పింది ఆయనే. ఎక్కడ దాస్తానో ఆయనకి తెలుసు. ఆయన వేళ్ళు గోడ మీద, స్పాంజి లేని మూలని ఒకసారి తడిమి ఆగాయి.

“పోస్ట్‌మార్టమ్‌లో రాశారా సార్, చెవి సంగతి?” అన్నాను.

“రాశారనుకో.”

శవానికి ఏ చెవీ వినబడదు. ఏ డాక్టరు ఏ పరికరం పెట్టి చూసినా, పోయిన చెవికీ ఉన్న చెవికీ తేడా కనిపెట్టలేడు. అది బతికున్న మనిషి చెబితేనే తెలిసే విషయం. ఆయనకి బతికున్న మనిషే చెప్పాడు.

“ఆవిడ నీకు చెప్పిందన్నమాట,” అన్నాడు దూది మరీ మెత్తగా.

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబైపోయింది. ఆయన లేచాడు, ప్యాంటు మీద లేని దుమ్ము దులుపుకున్నాడు.

“పాపం, ఒక్కతే మిగిలింది. ఆ వానలో నిలబడి ఉంటుంది. నాలుగింటికి ఆవిడా అక్కడికే కదా, నేనూ అటే. కారులో దింపేస్తాలే. నువ్వు కాసేపు కూర్చుని ఆలోచించుకో.”

గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే, ఆలోచించడానికి కూర్చున్నాను. అదే నా జబ్బు. నలుసులు జేబులో ఉన్నాయి, సరే. గోడలో ఖాళీ ఉంది, సరే. ఆయన నోరు జారాడు, కానీ విన్నది నేనొక్కణ్ణే, రేపు అనలేదంటాడు. కంపెనీ ఆయన్ని చంపమని పంపి ఉండదు. ఎలాగైనా సర్దుబాటు చెయ్యమని ఉంటుంది, అంతే. ఎలాగైనా అన్న మాటకి హద్దులు ఎవరికి వాళ్ళు గీసుకుంటారు. పట్టిక లక్షల యంత్రాల్లో ఉంది, దాన్నెవరూ చెరపలేరు. కానీ ఆ తప్పు ఇటు తిప్పితే దొంగతనానికి రుజువు, అటు తిప్పితే సొంతదనానికి రుజువు. దాన్ని అటు తిప్పేది ఒకే ఒక మాట. ఆ మాట ఏ యంత్రంలోనూ లేదు, ఏ కాగితం మీదా లేదు. అది ఉన్నది ఒకే ఒక నోట్లో. ఆ సాయంత్రం ఇక్కడ కూర్చున్నవాడికి ఇంకెవరికీ తెలియదనుకునే ధైర్యం ఉండి ఉంటుంది. ఇప్పుడా ధైర్యం పోయింది. పోగొట్టింది నేనే, నా మౌనంతో. దూది మీద అనుమానం ఆవిడకి నేను చెప్పనేలేదు. ఆ నోరు ఇప్పుడు కింద వానలో నిలబడి...

కుర్చీ వెనక్కి పడిపోయింది. తలుపు దాకా వెళ్ళాను. మూడు అంతస్తులు. కింద కారు స్టార్టయిన చప్పుడు గొట్టంలోంచి వచ్చింది. వెనక్కి తిరిగి కిటికీ మీద పడ్డాను. టేపు పీకాను. గోళ్ళలో స్పాంజి ఇరుక్కుంది. రెక్క ఉబ్బిపోయి రానంది. భుజంతో మోదాను.

వాన చప్పుడు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది.

కింద నల్లకారు, ముందు సీట్లో డ్రైవరు. వెనక తలుపు తెరిచి పట్టుకుని దూది, తన గొడుగు ఆవిడ మీదకి వంచి, తను తడుస్తూ. ఆవిడ ఒక కాలు లోపల పెట్టింది, ఒక కాలు బయట.

“మేడమ్,” అన్నాను.

ఆవిడ తిరగలేదు. ఎందుకు తిరుగుతుంది, వీధిలో ఏ ఆఫీసరునో పిలిచారనుకుని ఉంటుంది. దూది మాత్రం తలెత్తి చూశాడు. చూసి, గొడుగు ఇంకాస్త కిందికి దించాడు. ఆవిడ తల కనబడకుండా పోయింది. చీర అంచు, ఆ బయటి పాదం మాత్రం మిగిలాయి. పాదం లేచింది.

చేతులు రెండూ కిటికీ చెక్క మీద ఆనించి, ఆవిడ తమ్ముడిలాగే బయటికి వంగి, వానలోకి పిలిచాను.

“అక్కా.”